నీటి పేర్ల వెంట నడకదారి: ఆత్మకూరు – శ్రీశైలం యాత్రామార్గ చరిత్ర

వ్యాససంగ్రహం

శ్రీశైల క్షేత్రంపై తెలుగులో విస్తృతమైన పరిశోధన జరిగింది. అందులో అధికభాగం ఆలయం, శాసనాలు, మఠాలు, స్థలపురాణం చుట్టూ సాగింది. యాత్రికులను క్షేత్రానికి చేర్చిన కాలిబాటలు ఆ చరిత్రకు నేపథ్యంగానే మిగిలిపోయాయి. ఈ వ్యాసం నల్లమలకు పడమటి వైపున ఆత్మకూరు నుంచి నాగులూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం చేరే నడకదారిని ప్రధాన విషయంగా స్వీకరిస్తుంది. దారిలోని మజిలీల పేర్లను భాషాదృష్టితోను, పాల్కురికి సోమనాథుని పర్వత ప్రకరణం, రెడ్డి – విజయనగర కాలపు శాసనాధారాలు, కాలిన్ మెకంజీ, ఏనుగుల వీరాస్వామయ్యల రచనలను మార్గదృష్టితోను పరిశీలిస్తుంది. ఈ దారి రెండు చివరలను రాజ్యం, మతం నిర్ణయించగా నడిమి భాగాన్ని నీరు నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రీశైలం, నల్లమల, యాత్రామార్గం, స్థలనామాలు, పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్ర, చెంచులు.

1. ఉపోద్ఘాతం

మధ్యయుగపు తెలుగువారికి ‘పర్వతం’ అంటే చాలాచోట్ల శ్రీశైలమే. విశేషణం అవసరం లేకుండానే ఆ మాట ఒక కొండను సూచించేది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని ఒక ప్రకరణానికి ‘పర్వత ప్రకరణం’ అని పేరు పెట్టాడు. పద్దెనిమిదో శతాబ్ది చివర కెప్టెన్ కాలిన్ మెకంజీ ఇంగ్లీషులో రాసిన వృత్తాంతంలోనూ ఈ క్షేత్రం ‘పెర్వత్తం’గానే కనిపిస్తుంది. స్థానికుల నోట విన్న మాటనే ఆయన ఊరి పేరుగా రాసుకున్నాడు. ఇన్ని శతాబ్దాల పాటు ఒక సామాన్య నామం క్షేత్రనామంగా నిలిచిందంటే ఆ క్షేత్రాన్ని జనం మొదట కొండగానే ఎరిగారని అర్థం. కొండగా ఎరగడమంటే కాలినడకన ఎక్కి ఎరగడమే.

అయినప్పటికీ శ్రీశైల చరిత్ర రచన సాధారణంగా ఆలయ ప్రాకారం దగ్గర మొదలవుతుంది. ఎవరు ఏ మండపం కట్టించారు, ఏ మఠానికి ఏ గ్రామం దానమిచ్చారు అన్న ప్రశ్నలకు సమాధానాలు దొరికాయి. యాత్రికుడు ఆ ప్రాకారం దాకా ఎలా వచ్చాడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఏ నీళ్లు తాగాడు అన్న ప్రశ్నలకు తగినంత చోటు దక్కలేదు. ఈ లోటుకు ఒక కారణం ఆధారాల స్వభావమే. గుడి రాతితో కట్టింది కనుక శాసనం నిలిచింది. దారి నడకతో ఏర్పడింది కనుక నడక ఆగిన చోట చెరిగిపోయింది. దారికి మిగిలిన ఆధారాలు ప్రధానంగా రెండు: దాని మజిలీల పేర్లు, దానిపై నడిచినవారి రాతలు. రెండూ తెలుగు అధ్యయన పరిధిలోనివే.

2. కొండ, ఋతువు, తిథి

నల్లమల కృష్ణానదికి దక్షిణాన, పెన్నానది వైపుగా ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరుస. దీని ఉత్తర భాగంలో, కృష్ణ లోతైన లోయగా కోసుకుపోయిన చోట, దక్షిణపు గట్టు మీద శ్రీశైలం ఉంది. ఈ కొండలలో పైభాగం చాలాచోట్ల విశాలమైన మెట్టనేలగా ఉండి, హఠాత్తుగా నిట్టనిలువు లోయగా విరుగుతుంది. కనుక నడిచేవారికి అసలు పరీక్ష ఎత్తు ఒక్కటే కాదు. ఎక్కిన ఎత్తును లోయలోకి దిగి పోగొట్టుకొని, మళ్లీ ఎక్కవలసి రావడం. భీమునికొలను లోయ అటువంటిదే.

ఇది ఆకురాల్చే అడవి. నైరుతి, ఈశాన్య ఋతుపవనాల వానలు ముగిసిన తరువాత కొండవాగులు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. శ్రీశైల యాత్రకు ప్రధానమైన తిథులు రెండు. ఒకటి మాఘ బహుళ చతుర్దశి నాటి మహాశివరాత్రి. రెండవది చైత్ర శుద్ధ పాడ్యమి నాటి ఉగాది; కన్నడ ప్రాంతాల నుంచి వచ్చే యాత్రికుల రద్దీ ఈ రెండవ తిథికే ఎక్కువ. రెండూ అడవి ఎండిన కాలంలోనివే. వానాకాలంలో వాగులు పొంగి దారి తెగుతుంది. మాఘ చైత్రాలలో దారి తెరుచుకుంటుంది గాని నీరు తగ్గిపోతుంది. పంచాంగం నిర్ణయించిన ప్రయాణకాలానికి, అడవిలో నీరు దొరికే కాలానికి మధ్య ఉన్న ఈ వైరుధ్యమే ఈ దారి చరిత్రకు మూలసూత్రం. చైత్రం దాకా ఎండని నీటిచోటు మాత్రమే మజిలీ కాగలదు. అటువంటి చోట్లను కలుపుతూ వేసిన గీతే దారి.

3. మజిలీల పేర్లు

పడమటి దారి నేటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు దగ్గర మైదానాన్ని విడుస్తుంది. అడవి అంచున వెంకటాపురం చివరి ఊరు. అక్కడి నుంచి నాగులూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను వరుసగా వస్తాయి. భీమునికొలను లోయ దాటి ఎక్కితే కైలాసద్వారం. ఆపైన హాటకేశ్వరం పరిసరాలలో దారి క్షేత్రపు మెట్టనేలను చేరుతుంది. మొత్తం 40 కిలోమీటర్లకు పైబడిన నడక. సాధారణ యాత్రికునికి రెండు మూడు రోజుల ప్రయాణం.

ఈ పేర్లను వరుసగా చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఊట, కుంట, చెరువు, బావి, కొలను: అయిదు మజిలీల పేర్లకూ ఉత్తరపదం నీటికి సంబంధించిన దేశ్యపదమే. ‘నాగులూటి’లోని చివరి భాగాన్ని ‘ఊరు’ ధాతువు నుంచి వచ్చిన ‘ఊట’ శబ్దానికి రూపాంతరంగా గ్రహించడం సమంజసం. అదే అటవీ ప్రాంతంలో ఆత్మకూరు – దోర్నాల దారిపై ఉన్న ‘బైర్లూటి’ ఈ అన్వయానికి తోడు నిలుస్తుంది. ‘పెచ్చెరువు’లో పూర్వపదం పెద్ద అనే అర్థాన్నిచ్చేదే. వీరాస్వామయ్య ఈ మజిలీని పెద్దచెరువుగా పేర్కొనడం ఇందుకు లిఖితాధారం. దారి కొసన కృష్ణానదికి యాత్రికులు పెట్టుకున్న పేరు పాతాళగంగ. అంటే నీటిపేరుతో మొదలైన నడక నీటిపేరుతోనే ముగుస్తుంది.

ఈ అయిదు పదాలను పర్యాయపదాలుగా భావించరాదు. ఊట నేల నుంచి తనంతట తాను పుట్టే నీరు. కుంట వాననీరు నిలిచిన చిన్న పల్లం. చెరువుకు కట్ట కావాలి; కట్టకు మనుషుల శ్రమ, ఏటేటా మరమ్మతు కావాలి. బావికి తవ్వకం కావాలి. మఠంబావి అన్న పేరు ఆ తవ్వకాన్ని గాని, ఆ బావి నిర్వహణను గాని ఒక మఠంతో ముడిపెడుతుంది. కొలను లోయలో రాతి మడుగుగా నిలిచిన నీరు. ఈ విధంగా మజిలీల పేర్లు నీటి ఉనికినే కాక, ఆ నీటికి మనిషికి మధ్య ఉన్న సంబంధాన్ని కూడా చెబుతాయి. కొన్నిచోట్ల ప్రకృతి ఇచ్చినదాన్ని మనిషి వాడుకున్నాడు; కొన్నిచోట్ల ప్రకృతి ఇవ్వనిదాన్ని కట్టుకున్నాడు. ఊటకూ కొలనుకూ నడుమ కుంట, చెరువు, బావి ఉన్నాయి. సహజమైన రెండు నీటిచోట్ల మధ్య దూరాన్ని మానవశ్రమ పూరించినట్లు ఈ వరుస సూచిస్తున్నది.

పేర్లలోని పూర్వపదాలు మరో పొరను చూపుతాయి. నాగులు, భీముడు, మఠం అన్నవి విశ్వాసానికి, పురాణానికి, సంస్థకు చెందినవి. భీమునికొలనును స్థానికులు పాండవుల అరణ్యవాస కథతో ముడిపెట్టి చెప్పుకొంటారు. అడవిలో నీటిచోటుకు పురాణం అంటుకోవడం అలంకారం కోసమే అనుకోవడం పొరపాటు. కథ ఉన్న నీటిచోటును యాత్రికుడు మరచిపోడు. దానిని పాడుచేయడానికి వెనుకాడతాడు. కథ అక్కడ గుర్తుగానూ కట్టుబాటుగానూ పనిచేసింది.

4. ద్వారాలు, మెట్లు, మఠాలు

శ్రీశైల సంప్రదాయం క్షేత్రానికి నాలుగు ప్రధాన ద్వారాలను చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఉపద్వారాలు మరి నాలుగు: ఈశాన్యాన ఏలేశ్వరం, ఆగ్నేయాన సోమశిల, నైరృతిలో పుష్పగిరి, వాయవ్యంలో సంగమేశ్వరం. వీటిలో కొన్ని శ్రీశైలానికి చాలా దూరం. పెన్నాతీరంలోని సిద్ధవటం నుంచి కృష్ణాతీరంలోని శ్రీశైలానికి నడవాలంటే నల్లమల నిడివిలో పెద్దభాగాన్ని దాటాలి. కనుక ద్వారమన్న మాటను గుడి గుమ్మమన్న అర్థంలో తీసుకోలేము. యాత్రికుడు మైదానపు జీవితాన్ని విడిచి కొండదారికి తిరిగే చోటు ద్వారం. ఎనిమిది ద్వారాల భావన నిజానికి ఒక మార్గవ్యవస్థకు స్థలపురాణం ఇచ్చిన రూపం.

ఈ వ్యవస్థకు రాతిలో మిగిలిన తొలి పెద్ద గుర్తు మెట్లు. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల, అహోబలాలకు సోపానాలు కట్టించినట్లు ఆ వంశపు శాసన ప్రశస్తులు, కావ్య అవతారికలు కీర్తిస్తాయి. పద్నాలుగో శతాబ్ది పూర్వార్ధం తెలుగునేలపై రాజకీయంగా కల్లోలకాలం. కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. అటువంటి కాలంలో తలెత్తిన కొత్త రాజవంశం తన కీర్తికి ఆధారంగా రెండు కొండదారుల మెట్లను ఎంచుకోవడం గమనించవలసిన విషయం. గుడి కట్టించిన రాజు దేవునికి సేవ చేసినవాడు. మెట్లు కట్టించిన రాజు యాత్రికులందరి పాదాల కింద ఉండే పుణ్యాన్ని కోరుకున్నవాడు. పైగా కొండదారి తెరిచి ఉంచగలగడమంటే ఆ ప్రాంతంపై అధికారం ఉన్నట్లు చాటడమే. భీమునికొలను దగ్గరి రాతిమెట్లను జనశ్రుతి రెడ్డిరాజులకే ఆపాదిస్తుంది. అయితే ప్రశస్తి ‘శ్రీశైల సోపానాలు’ అన్నంత మాత్రాన అవి ఫలానా లోయలోని ఫలానా మెట్లేనని నిర్ధారించడం పరిశోధనకు తగదు. ప్రశస్తిలో ఉన్నది కార్యం. జనశ్రుతిలో ఉన్నది స్థలం. రెండింటినీ కలిపే ఆధారం మెట్ల దగ్గరే వెతకాలి.

ఉత్తరపు దారి విషయంలో ఆధారం మరింత నిర్దిష్టం. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించింది. ఉమామహేశ్వరం వైపు నుంచి వచ్చేవారు నదిని దాటి కొండ ఎక్కవలసిన చోటది. గుడి నుంచి స్నానానికి దిగేవారికీ అదే దారి. రెడ్డిరాజుల మెట్లు, విఠలాంబ మెట్లు అర్ధశతాబ్దికి కొంచెం అటూ ఇటూ తేడాతో వచ్చాయి. పద్నాలుగో శతాబ్ది శ్రీశైలానికి దారుల శతాబ్ది అనదగినది.

మెట్లు ఒకసారి కట్టేవి. నీరు ఏటా చూసుకోవలసినది. ఆ రెండో పనిలో మఠాల పాత్రను మఠంబావి వంటి పేరు పట్టిస్తుంది. శ్రీశైలంలో ఘంటామఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, సారంగధర మఠం పంచమఠాలుగా ప్రసిద్ధం. నాగులూటిలో వీరభద్రాలయం ఉంది. దారి వెంట ఇటువంటి శైవ స్థానాలు యాత్రికునికి పూజాస్థలాలే కాక నీడ, నీరు, కాపలా దొరికే తావులు కూడా.

5. పర్వత ప్రకరణం: నడిచేవారి పాట

పండితారాధ్య చరిత్రలోని చివరి భాగమైన పర్వత ప్రకరణాన్ని సాహిత్య చరిత్రకారులు ప్రధానంగా దేశి కళల నిధిగా చదివారు. శివరాత్రికి కొండకు తరలే జనం పాటలు, ఆటలు, వేషాలు అందులో విస్తారంగా ఉన్నాయి. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ సోమనాథుడు పేర్కొన్న పదభేదాలు తెలుగు జానపద గేయ చరిత్రకు తొలి ఆధారాలలో ఒకటి. ఈ పఠనం సరైనదే, కాని అసంపూర్ణం. ఆ పాటలు పుట్టిన సందర్భం నడక. అనేక ఊళ్ల, అనేక వృత్తుల జనం రోజుల తరబడి ఒకే బాట మీద నడిచినప్పుడు పాట వినోదం మాత్రమే కాదు. అది అడుగుకు లయ. చీకట్లో గుంపును కలిపి ఉంచే గొంతు. అడవి మృగానికి మనుషుల రాకను తెలిపే చప్పుడు. ‘పర్వత పదాలు’ ఒక ప్రత్యేక గేయభేదంగా గుర్తింపు పొందడాన్ని యాత్రామార్గం తనదైన సాహిత్యాన్ని సృష్టించుకున్నదనడానికి సూచనగా తీసుకోవచ్చు.

సోమనాథుడు ద్విపదను ఎంచుకున్న తీరును కూడా ఈ కోణంలో చూడవచ్చు. పలువురు కలిసి పాడుకోదగిన ఛందస్సు ద్విపద. నడిచే జనం గురించిన కావ్యభాగం నడుస్తూ పాడుకోదగిన ఛందంలో ఉండటం కవి సిద్ధాంతానికీ విషయానికీ కుదిరిన పొత్తు.

ఈ దారులపై నడిచినవారు తెలుగువారు మాత్రమే కారు. పన్నెండో శతాబ్దిలో కల్యాణ పట్టణం నుంచి శ్రీశైలం చేరిన అక్కమహాదేవి జ్ఞాపకం నేటికీ కన్నడ యాత్రికులను ఈ కొండకు రప్పిస్తున్నది. మల్లికార్జున పండితారాధ్యుని చరిత్ర తెలుగులో, అక్కమహాదేవి వచనాలు కన్నడంలో ఒకే కొండను గమ్యంగా నిలిపాయి. పడమటి దారి రెండు భాషల శైవానికి ఉమ్మడి దారి.

6. కందనూరు కాలం: ఇద్దరి రాతలు

పద్దెనిమిదో శతాబ్ది చివరికి శ్రీశైలం కందనూరు, అనగా కర్నూలు, నవాబుల ఏలుబడిలో ఉంది. ఈ కాలం నుంచి దారి గురించి గద్యంలో రాసిన ప్రత్యక్షసాక్షుల రచనలు లభిస్తాయి.

మొదటివాడు కాలిన్ మెకంజీ. ఆయన 1794లో శ్రీశైలం చూసి రాసుకున్న దినచర్యలోని భాగం ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ అయిదవ సంపుటంలో వెలువడింది. సర్వే అధికారి దృష్టికి దారి ఒక కొలవదగిన వస్తువు. కొండ ఎలా ఉంది, లోయ ఎక్కడ విరిగింది, ప్రాకారపు గోడపై ఏ శిల్పాలున్నాయి అన్నవి ఆయన ఆసక్తులు. తరువాతి కాలంలో కైఫియతుల సేకరణతో దక్కన్ చరిత్రకు అపారమైన సామగ్రిని సమకూర్చిన వ్యక్తి తొలిదశ పరిశీలనలలో ఇది ఒకటి కావడం విశేషం.

రెండవవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఈయన 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. దారిలో రాసుకున్న విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. దిగవల్లి వేంకటశివరావు పరిష్కరణ 1941లో వచ్చింది. వీరాస్వామయ్య అహోబిలం, నంద్యాల ప్రాంతాల మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి ఈ వ్యాసంలో చర్చిస్తున్న దారినే శ్రీశైలానికి పట్టాడు. నాగులూటి, పెద్దచెరువు, భీమునికొలను స్వల్ప రూపభేదాలతో ఆయన రాతలో మజిలీలుగా కనిపిస్తాయి.

ఆయన ప్రయాణం శివరాత్రి కాలంలో జరిగినది కాదు. పర్వత ప్రకరణంలోని జనసమ్మర్దం ఆయన దారిలో లేదు. అందుచేతనే ఆయన రచనకు ప్రత్యేకమైన విలువ ఉంది. ఉత్సవం లేనప్పుడు దారి ఎలా ఉంటుందో ఆ రచన చూపుతుంది. మజిలీ దూరం, వసతి, నీరు, సామగ్రి, దారిలోని చెంచులు, యాత్రికుల నుంచి కందనూరు నవాబు తరఫున వసూలయ్యే హాశ్శీలు ఆయన దృష్టికి వచ్చాయి. తరువాత వచ్చేవారికి ఉపయోగపడాలన్న ఉద్దేశం ఆయన శైలిలో అడుగడుగునా కనిపిస్తుంది. మార్గదర్శినిగా పనికివచ్చే తెలుగు వచనానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

సోమనాథుడు, మెకంజీ, వీరాస్వామయ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే దారిని గ్రహించే మూడు పద్ధతులు తేలుతాయి. మొదటివానికి దారి జనం, రెండవవానికి భూమి, మూడవవానికి ఖర్చు, వసతి, కాలం. మూడింటిలోనూ మజిలీల దగ్గర ఆగక తప్పదు. ఎంత భిన్నమైన దృష్టి గల ప్రయాణికుడైనా నీటి దగ్గర ఆగవలసిందే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఆత్మకూరు కందనూరు పాలకుల ఆధీనంలోని కేంద్రం. సుంకం వసూలుకు అనువైన చోటు. కాబట్టి దారిని నిర్ణయించింది నీరు కాదు, రాజ్యమే అనవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత సత్యం ఉంది. యాత్రికులు ఏ ఊరి నుంచి కొండ ఎక్కాలన్నది రాజ్యం, సంత, మైదానపు దారులు నిర్ణయించగలవు. ఎక్కిన తరువాత ఏ వంపు తిరగాలి, ఎక్కడ రాత్రి గడపాలి అన్నది రాజ్యం చేతిలో లేదు. ఏలిక మారినా మజిలీ మారకపోవడమే ఇందుకు నిదర్శనం. నవాబుల కాలంలో వీరాస్వామయ్య చెప్పిన మజిలీల పేర్లే నేటి శివరాత్రి యాత్రికుల నోటా వినిపిస్తున్నాయి.

7. దారిలో చెంచులు

ఈ దారి తెలిసినవారు చెంచులు; దారి గురించి రాసినవారు ఇతరులు. మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, చెంచుల ఆడపడుచును వరించిన దేవునిగా చెప్పే కథ క్షేత్ర సంప్రదాయంలో బలంగా ఉంది. ఆ కథ చెంచులకు ఆలయంతో ఉన్న అనుబంధాన్ని చెబుతుంది. దారితో వారి అనుబంధం మాత్రం కథకు మించినది. అడవిలో ఏ మడుగు ఏ నెల దాకా నిలుస్తుంది, ఏ బండ కింద ఊట ఉంది అన్న జ్ఞానం వేట మీద, దుంపలు, తేనె, అటవీఫలాల సేకరణ మీద బతికిన వారికి ప్రాణావసరం. యాత్రికుడు ఏడాదికొకసారి వాడుకొన్న నీటిచోట్లు చెంచులకు ఏడాది పొడవునా జీవనాధారాలు. యాత్రికుల దారి అంతకు ముందే ఉన్న చెంచుల నీటిబాటల మీద పరుచుకున్నదని అనుకోవడానికి ఇదే కారణం.

బయటి రచనలలో చెంచులు దారి చూపేవారిగా, కాపలా కాసేవారిగా, కొన్నిచోట్ల భయపెట్టేవారిగా కనిపిస్తారు. వారిని స్వతంత్ర సమాజంగా అధ్యయనం చేసిన తొలి సమగ్ర గ్రంథం క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించినది. అది ప్రధానంగా కృష్ణకు ఉత్తరాన ఉన్న చెంచుల జీవితాన్ని చిత్రించింది. పడమటి దారి వెంట ఉన్న చెంచు పెంటల, గూడేల నోట నిలిచిన స్థలనామాలు, నీటి గుర్తులు భాషాశాస్త్ర దృష్టితో సేకరించవలసిన సామగ్రి.

8. అటవీ చట్టం, మోటారు రోడ్డు, జలాశయం

ఇంగ్లీషు కంపెనీ 1839లో కందనూరు నవాబు గులాం రసూల్ ఖానును తొలగించి ఆ రాజ్యాన్ని వశం చేసుకుంది. ఆ తరువాత అడవిపై అధికారం కొత్త రూపం దాల్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవుల ఏర్పాటు సాగింది. రిజర్వు ప్రకటించే ముందు ప్రజలు కోరదగిన హక్కులలో దారి హక్కు, నీటి వాడకపు హక్కు, మేత హక్కు, అటవీ ఉత్పత్తుల హక్కు ఆ చట్టంలో ఉన్నాయి. దారి, నీరు రెండూ అంతకు ముందు దానానికి, మొక్కుకు, సుంకానికి సంబంధించిన విషయాలు. ఈ చట్టంతో అవి అర్జీకి, విచారణకు, రికార్డుకు సంబంధించిన విషయాలయ్యాయి.

నడకదారిని అసలు వెనక్కి నెట్టింది చట్టం కాదు, మోటారు రోడ్డు. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం తరువాత దోర్నాల వైపు నుంచి ఘాట్ రోడ్డు, అటు పిమ్మట ఆనకట్ట మీదుగా హైదరాబాదు రోడ్డు ప్రధాన మార్గాలయ్యాయి. ఈ మార్పుతో ప్రయాణకాలం తగ్గడమే కాక క్షేత్రాన్ని చూసే వరుస కూడా మారింది. దోర్నాల రోడ్డున వచ్చేవారికి శిఖరేశ్వరం మొదటి పుణ్యస్థలం. పడమటి దారిన నడిచి వచ్చేవారికి లోయలో నుంచి ఎక్కి చేరే కైలాసద్వారం మొదటి గడప. రోడ్డు ప్రయాణికుల సంఖ్య పెరిగిన కొద్దీ మొదటి వరుస సర్వసామాన్యమైంది. రెండవది నడిచేవారికి మాత్రమే తెలిసిన అనుభవంగా మిగిలింది. రోడ్డుకు నీటితో పనిలేదు. దానికి కావలసింది వాలు, వంపు. మజిలీ అన్న భావనకే అక్కడ చోటు లేదు.

నదివైపు ద్వారాలకు మరో విధమైన మార్పు వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయంలో ఏలేశ్వరం మునిగింది. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల నాటికి జలాశయం నిండింది. వాయవ్య ద్వారమైన సంగమేశ్వరం సంవత్సరంలో ఎక్కువకాలం నీటిలో ఉండి, నీటిమట్టం తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. నీటిచుక్క కోసం వంపులు తిరిగిన దారుల వ్యవస్థలో కొన్ని ద్వారాలు నీటి కిందికే పోయాయి. ఈ జలాశయాలు లక్షల ఎకరాలకు సాగునీటిని, రాష్ట్రానికి విద్యుత్తును ఇచ్చాయన్నది కాదనరానిది. యాత్రామార్గాల చరిత్రకు మాత్రం ఆ నష్టం తిరిగి పూరించరానిది.

మిగిలిన దారి ఇప్పుడు పులుల అభయారణ్యంలో ఉంది. నాగార్జునసాగర్ – శ్రీశైలం ప్రాంతం 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత ఉత్తర భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. శివరాత్రి, ఉగాది రోజులలో మాత్రం అటవీశాఖ అనుమతితో వెంకటాపురం నుంచి పాదయాత్ర సాగుతుంది. దారి పొడవునా తాగునీటి ఏర్పాట్లు, అన్నదాన శిబిరాలు వెలుస్తాయి. ప్లాస్టిక్ నిషేధం అమలులో ఉంటుంది. కొద్దిరోజులలో వేలాదిమంది ఒకే ఇరుకైన బాట మీద నడిచినప్పుడు నిప్పు, చెత్త, మృగాల కదలికకు ఆటంకం అన్న భయాలు సహేతుకమైనవే. అడవికీ యాత్రకూ మధ్య హద్దు గీయవలసిన అవసరాన్ని పరిశోధకుడు విస్మరించలేడు. అయితే ఒక పరిణామాన్ని గుర్తించాలి. తాగునీరు బయటి నుంచి వచ్చి చేరినప్పుడు ఊట, కుంట, కొలను యాత్రికునికి అవసరం కావు. అవసరం తీరిన చోట పేరు ఉంటుంది గాని పేరులోని అర్థం వినబడదు. నాగులూటి ఒక శిబిరం పేరవుతుంది. పెచ్చెరువు ఒక తనిఖీచోటు పేరవుతుంది.

9. ముగింపు

యాత్రికుల హాజరు వేసుకునే దేవుడిగా సాక్షి గణపతిని శ్రీశైల సంప్రదాయం కొలుస్తుంది. చేతిలో పుస్తకం, గంటంతో ఆయన కొండకు వచ్చినవారి పేర్లు రాసుకుంటాడని నమ్మకం. చరిత్రలో ఈ దారి మీద లెక్క రాసినవారు మరికొందరున్నారు. నవాబు మనిషి సుంకం కోసం లెక్క రాశాడు. అటవీ సిబ్బంది అనుమతి కోసం రాస్తున్నారు. పుణ్యం, పన్ను, అనుమతి అన్న ఈ మూడు లెక్కలలో యాత్రికుల సంఖ్య ఉంటుంది. దారి ఎందుకు అలాగే సాగిందన్న సమాచారం మాత్రం వాటిలో లేదు. అది మజిలీల పేర్లలో ఉంది.

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పడమటి దారి మజిలీల పేర్లు అయిదు విభిన్న నీటిపదాల వరుసగా ఉండి, దారి ఏర్పడిన తర్కాన్ని తామే వెల్లడిస్తున్నాయి. రెండవది, పద్నాలుగో శతాబ్దిలో రాజవంశాలు ఆ తర్కాన్ని మార్చలేదు. మెట్ల ద్వారా దాన్ని స్థిరపరచాయి. మూడవది, పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్ర వంటి గ్రంథాలను సాహిత్య రూపాలుగా మాత్రమే కాక మార్గపత్రాలుగా కూడా చదివినప్పుడు వాటి విలువ పెరుగుతుంది.

జరగవలసిన పని క్షేత్రస్థాయిలో ఉంది. ఇప్పటికీ ఈ దారి ఎరిగిన చెంచు పెద్దల నుంచి, ఏటా నడిచే తెలుగు, కన్నడ యాత్రికుల నుంచి మజిలీల మధ్యనున్న చిన్న చిన్న చోట్ల పేర్లను కూడా ఉచ్చారణతో సహా సేకరించాలి. ప్రతి పేరు పక్కన అక్కడి నీరు ఏ నెల దాకా నిలుస్తుందో నమోదు చేయాలి. మెట్ల దగ్గరి రాతి గుర్తులను, విడిరాళ్ల మీది అక్షరాలను పరిశీలించాలి. ఎనిమిది ద్వారాలలో ఏలేశ్వరం మునిగే ముందు పురావస్తు తవ్వకాలు జరిగాయి గనుక అక్కడి చరిత్ర కొంత దక్కింది. నడకదారి మునగలేదు, అందుకే దానిని నమోదు చేయవలసిన తొందర ఎవరికీ తోచలేదు. నీటి గుర్తులు ఎరిగిన తరం ఉండగానే ఆ పని పూర్తి కావాలి.